రికార్డు పుస్తకంలో కంప్యూటర్

ఎక్సెల్ తెర బొమ్మను స్కేలు పెట్టి గీసి, రంగు పెన్సిళ్లతో దిద్దిన బీఈడీ రికార్డులు మనకు కొత్త కాదు. కింద లెక్చరర్ సంతకం, పక్కన మార్కులు. అదే విద్యార్థికి నలభై మంది పిల్లల మార్కులిచ్చి, భిన్నాల పాఠంలో ఎవరు వెనకబడ్డారో కంప్యూటర్‌లో తీసి చూపమంటే టెన్షన్ మొదలవుతుంది. తప్పు ఆ విద్యార్థిది కాదు. దగ్గర కూర్చోబెట్టి చేయించినవాళ్లు లేరు.

నిబంధనల్లో లోటు లేదు. 2014లో టీచర్ల శిక్షణను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ బీఈడీని రెండేళ్లు చేసినప్పుడే ఐసీటీని (కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం) పాఠ్యప్రణాళికలో చేర్చింది, 20 వారాలు ఇంటర్న్‌షిప్‌గా బడుల్లో గడపాలంది. కానీ ఈ రెండింటికీ లంకె కుదరలేదు. ల్యాబ్‌లో చదివింది ల్యాబ్‌లోనే ఉండిపోతోంది, ఇంటర్న్‌షిప్ సుద్దముక్కతో గడిచిపోతోంది. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ కంప్యూటర్ మీదే జరిగింది. అయితే మౌస్‌తో జవాబు నొక్కగలిగితే పాఠం చెప్పడం వచ్చినట్టు కాదు.

బడులేమో మారిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గోడలకు ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెరలు ఎక్కాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. 2017 నుంచి ఆన్‌లైన్‌లో పాఠాలు దొరికే దీక్ష వేదిక ఉంది. వీటిని వాడుకుని పాఠం నడిపే నేర్పు టీచరుకు శిక్షణలోనే అబ్బాలి, ఉద్యోగంలో చేరాక రెండు రోజుల వర్క్‌షాపులో రాదు.

అన్నిటికంటే ముందు తెలుగు టైపింగ్. అను ఫాంట్లలో కొట్టించిన ప్రశ్నపత్రాన్ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనిపించదు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌లో కొడితే ఫోన్‌లోనూ చదవొచ్చు, వచ్చే ఏడాది దిద్ది వాడుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'శాస్త్రం'లోని 'స్త్ర' కొట్టాలంటే స, పొల్లు, త, పొల్లు, ర అని వరస పట్టుకోవాలి. రోజూ అరగంట కూర్చుంటే చేతికి వచ్చే విద్యే ఇది. అయినా కాబోయే తెలుగు పండితులు ప్రశ్నపత్రం పట్టుకుని డీటీపీ సెంటరుకు పరుగెత్తాల్సి రావడం మాకు బాధ కలిగిస్తోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లలో నింపడం గుమాస్తా పని. దాన్నే కంప్యూటర్ నైపుణ్యంగా లెక్కగడితే ఊరుకోకూడదు.

కేరళ 2001లోనే బడుల్లో కంప్యూటర్ చదువుకు ఐటీ@స్కూల్ మొదలుపెట్టి, టీచర్ల శిక్షణను దానికి ఆయువుపట్టు చేసింది. మన విశ్వవిద్యాలయాలు, డైట్‌లు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు) కూడా రికార్డు మార్కులు ఆపి, ఇంటర్న్‌షిప్‌లోనే పరీక్ష పెట్టాలి. తన ప్రశ్నపత్రం తాను తెలుగులో కొట్టాలి. పిల్లల మార్కుల నుంచి ఎవరికి ఏ పాఠం మళ్లీ చెప్పాలో తేల్చాలి. ప్యానెల్ మీద ఒక పాఠం చెప్పాలి. మధ్యలో కరెంటు పోతే అదే పాఠాన్ని నల్లబల్ల మీద ముగించగలగాలి కూడా.

ఇంట్లో కంప్యూటర్ లేకుండా, ఒక్క ఫోన్‌తోనే ఈ కోర్సులకు వచ్చే పల్లెటూరి అమ్మాయిలున్నారు. ల్యాబ్‌కు సాయంత్రం నాలుగింటికే తాళం పడితే వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు? పరీక్ష పెట్టేవాళ్లు ముందు ఆ తాళాల సంగతి చూడాలి.