స్మారక రన్ పెట్టకండి, మీరే పరిగెత్తండి

ఇంట్లో మనిషి పోయాక సంవత్సరీకం నాటికి ఆయన పేరు మీద ఏదో ఒక మంచి పని చేయాలనుకోవడం గొప్ప విషయం. నెల్లూరులో, ఒంగోలులో ఇప్పుడు అన్నదానం, రక్తదాన శిబిరం పక్కన పేద రోగుల కోసమని 5కే (5 కిలోమీటర్ల) రన్ కూడా వచ్చి చేరింది. రన్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. దాన్ని ఫంక్షన్‌లాగా చేయడం మీదే నా బాధంతా.

ఒకసారి కాగితం మీద లెక్కేసి చూడండి. 300 మంది వచ్చారు, తలా 300 కట్టారు, 90,000 వసూలైంది అనుకుందాం. టీషర్టు 150 చొప్పున 45,000. మెడల్ 60 చొప్పున 18,000. నంబరు కాగితం, సర్టిఫికెట్ కలిపి 20 చొప్పున 6,000. టిఫిన్ 50 చొప్పున 15,000. స్టేజీ, మైకు 15,000. ఫ్లెక్సీలు 10,000. మొత్తం 1,09,000 తేలింది. అంటే 19,000 మీరే ఎదురు పెట్టుకోవాలి. ఏ రోగి కోసమని మొదలుపెట్టామో ఆ రోగికి ఒక్క రూపాయి చేరలేదు. స్పాన్సర్లు ఇస్తారు గదా అంటారు. వాళ్లిచ్చేది కూడా వాళ్ల పేరున్న ఫ్లెక్సీకీ, టీషర్టుకీ పోతుంది.

దీనికన్నా తేలికైన దారి ఉంది. ఇంట్లో ఒకరో, స్నేహితులు నలుగురో ఒక కష్టమైన పని నెత్తిన వేసుకోండి. 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ కావచ్చు, 100 కిలోమీటర్ల సైకిల్ కావచ్చు. బూట్లు, నీళ్లు, పెట్రోలు ఖర్చు మీ జేబులోంచే. అయినవాళ్లు, తెలిసినవాళ్లు మీరు పడుతున్న కష్టం చూసి నేరుగా ఆసుపత్రికో సంస్థకో డబ్బు పంపుతారు. మధ్యలో మీ చేతికి ఏమీ రాదు.

కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడికి కేన్సర్ వల్ల కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980లో కృత్రిమ కాలుతో, రోజుకు దాదాపు ఒక మారథాన్ చొప్పున 143 రోజులు 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. కేన్సర్ ఊపిరితిత్తులకు పాకితే ఆగిపోక తప్పలేదు. మరుసటి ఏడాది 22 ఏళ్లకే పోయాడు. కంపెనీల ప్రకటనలకు ఒప్పుకోలేదు, వచ్చిందంతా కేన్సర్ పరిశోధనకే. ఇప్పటికీ ఏటా ఆయన పేరున రన్‌లు జరుగుతూనే ఉన్నాయి.

డబ్బు దేనికో ముందే తేల్చుకోండి. 'పేద రోగుల సహాయార్థం' అంటే ఎవరి మనసుకూ పట్టదు. కిడ్నీ జబ్బుతో పోయిన మనిషి పేరు మీద చేస్తున్నారనుకుందాం. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వైద్యం ప్రభుత్వ పథకంలో జరిగిపోతుంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను కూడా ఉంది. పింఛను ఇంకా మంజూరు కాని వాళ్లకు ఊరి నుంచి రావడమే పెద్ద ఖర్చు. 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లు టికెట్ డబ్బు కట్టక్కర్లేదు. కానీ మగమనిషికి టికెట్ డబ్బు ఉంది, బస్టాండు నుంచి ఆటో ఉంది, తోడు వచ్చినవాళ్ల భోజనం ఉంది. రానూ పోనూ 200 అనుకుంటే నెలకు 13 సార్లకు 2,600. ఇప్పుడు 60 మంది తలా 1,050 ఇస్తే 63,000. ఇద్దరు రోగులకు ఏడాది పొడుగునా దారిఖర్చులు గడిచిపోతాయి. 'మా నాయన పేరు మీద ఇద్దరికి ఏడాది దారిఖర్చు' అని చెప్పండి, ఇచ్చేవాళ్లు ఇంకో మాట అడగరు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లకు ఆర్‌ఓ ప్లాంటు పెట్టిస్తామనే వాళ్లకు ఒక మాట. కొత్త ప్లాంటు కన్నా ఆగిపోయిన ప్లాంటుకు మెంబ్రేన్, ఫిల్టర్లు మార్పించడం మేలు. పేరు రాసిన బోర్డు కింద నీళ్లు రాని ప్లాంటు ఉంటే అది ఆ మనిషికి గౌరవం కాదు.

డబ్బు ఏ దారిన పోవాలన్నది అసలు విషయం. మీ సొంత ఫోన్‌పే నంబరు ఇవ్వకండి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 దాటి మీ ఖాతాలో పడితే, ఆ మొత్తమంతా మీ ఆదాయం కింద లెక్కకొస్తుంది. సంస్థ క్యూఆర్ కోడే పంచండి, నోట్‌లో పోయినవారి పేరు రాయమనండి, నెలాఖరుకు ఆ పేరు మీద ఎంత వచ్చిందో సంస్థనే అడగండి. సంస్థకు విరాళాల మీద పన్ను మినహాయింపు గుర్తింపు (80జి అని పిలిచేది) ఉంటే ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు వస్తుంది. అయితే 2,000 దాటిన నగదుకు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకూ రాదు. పాన్ నంబరులో ఒక్క అక్షరం తప్పు పడినా సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ పనికి రాదు, కాబట్టి డబ్బుతో పాటే పాన్ కూడా తీసుకోవాలి. టీషర్టు, మెడల్ పుచ్చుకుని కట్టిన ఫీజు విరాళం కిందికే రాదు.

మన జిల్లాల్లో సగం ఇళ్లకు అమెరికా చుట్టం ఉంటాడు. భారత పాస్‌పోర్టు ఉన్న బాబాయి కొడుకు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపాలంటే మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. లేని సంస్థకు పంపిస్తే ఇరుక్కునేది సంస్థే.

కుటుంబం పేరుతో కొత్త ట్రస్టు మాత్రం పెట్టకండి. బ్రిటన్‌లో టామ్ మూర్ అనే పెద్దాయన 2020లో నూరేళ్లు నిండబోతూ తన తోటలో 100 రౌండ్లు నడిచి, వైద్య సేవల కోసం 3 కోట్ల పౌండ్లకు పైగా రాబట్టారు. ఆ తర్వాత ఆయన పేరున పెట్టిన ఫౌండేషన్‌లో కుటుంబం సొంత లాభం చూసుకుందని 2024లో అక్కడి చారిటీ కమిషన్ తేల్చింది. పెద్దాయన కష్టానికి దానితో సంబంధం లేదు, అయినా మచ్చ ఆయన పేరుకే అంటుకుంది. పనిచేస్తున్న సంస్థకు ఇస్తే ఆ బెడద ఉండదు.

ఇంక పరుగు సంగతి. కిలోమీటరుకు ఇంత అని మాట తీసుకోకండి, మొత్తంగా ఒక అంకె తీసుకోండి, అదీ పరుగుకు ముందే. కిలోమీటరు లెక్క పెడితే కాలు పట్టేసినా, కళ్లు తిరిగినా 'ఇంకో రెండు పోతే ఇంకో ఆరు వేలు' అని లాగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే. పైగా అయిపోయాక వసూలు చేయబోతే సగం మంది ఫోనెత్తరు.

పోయిన మనిషి గుండెపోటుతో పోయుంటే ఈ పేరా రెండుసార్లు చదవండి. ఆయన కోసం పరిగెత్తేది కొడుకో తమ్ముడో అవుతాడు, ఆ రక్తమే వీళ్లలోనూ ఉంది. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వచ్చుంటే మీకూ ముప్పు ఎక్కువ. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకుని, డాక్టరు చెబితే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అయ్యాకే మొదటి అడుగు వేయండి.

ఇప్పటిదాకా పరుగే లేనివాళ్లకు హాఫ్ మారథాన్‌కు కనీసం 16 వారాలు కావాలి, అదీ ఆగకుండా అరగంట పరిగెత్తగలిగాక. వారానికి నాలుగు రోజులు, అందులో ఒకటే పొడుగు పరుగు. మొత్తం దూరం వారానికి పదో వంతు కన్నా ఎక్కువ పెంచకూడదు. పొడుగు పరుగు 16-18 కిలోమీటర్లకు చేరితే చాలు, చివరి రెండు వారాలు తగ్గించుకుంటూ రావాలి. పిక్కల ముందు ఎముక పొడవునా నొప్పి మొదలైందంటే తొందరపడ్డారని అర్థం. నొప్పి ఒకేచోట వేలు పెట్టి చూపించేలా ఉంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి.

తేదీ మన వాతావరణం చూసి పెట్టుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. మే నెలలో రోళ్లు పగిలే ఎండ. సంక్రాంతి దాటాక ఫిబ్రవరి మొదటివారం దాకా మంచి కాలం. వర్ధంతి మేలో వస్తే ఆ రోజు తద్దినం పెట్టుకోండి, పరుగు జనవరిలో పెట్టుకోండి. తెల్లవారి అయిదున్నరకు మొదలైతే ఎనిమిదిన్నర లోపు ముగించేయొచ్చు. 16వ నంబరు జాతీయ రహదారి జోలికి పోవద్దు. నెల్లూరులో మైపాడు రోడ్డు, ఒంగోలులో కొత్తపట్నం రోడ్డు బాగుంటాయి గానీ చీకట్లో లారీలు, కుక్కలు ఉంటాయి. అన్నిటికన్నా మేలు రెండు కిలోమీటర్ల చుట్టు. నీళ్ల బల్ల ఒక్కటే చాలు, పడిపోయినవాడు వెంటనే కనపడతాడు.

సముద్రం పక్కన గాల్లో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం వేసినప్పుడల్లా కొంచెం కొంచెం తాగండి. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, చేతివేళ్ల వాపు వస్తాయి. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఉంచండి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి, 200 మిల్లీలీటర్లదో లీటరుదో చూసి కలపాలి. మాట తడబడి, ఎక్కడున్నాడో తెలియనట్టు మాట్లాడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే మనిషిని మెడ దాకా ఐసు నీళ్ల టబ్బులో ఉంచి చల్లబరచాలి. చేపల పెట్టెల్లో వేసే చితక్కొట్టిన ఐసు ఒక బస్తా తెప్పించి టబ్బు పక్కన ఉంచండి. టబ్బు లేకపోతే ఐసు నీళ్లలో ముంచిన దుప్పట్లు కప్పి మారుస్తూ ఉండాలి. స్పృహ లేని మనిషి నోట్లో చుక్క పోయొద్దు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి. పోయినవారి ఫోటో టీషర్టు రొమ్ము మీద పెద్దగా అచ్చు వేయిస్తారు. ఆ ప్లాస్టిక్ అచ్చులోంచి గాలి ఆడదు. చెమటకు బిగుసుకుని పది కిలోమీటర్లు దాటేసరికి చనుమొనలు ఒరుసుకుపోయి రక్తం వస్తుంది, ఆ మరక ఫోటో మీదే పడుతుంది. ఫోటో వీపు మీద చిన్నగా వేయించండి. రొమ్ముకు, తొడల మధ్య వ్యాజలైన్ రాయండి. నూలు సాక్సులు వద్దు, తడిస్తే బొబ్బలు.

అయిపోయిన వారంలోపు ఎంత వచ్చింది, రసీదులు ఎన్ని, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నీ డబ్బిచ్చిన ప్రతి ఒక్కరికీ పంపండి. అట్టముక్క చెక్కు పట్టించి రోగిని పక్కన నిలబెట్టి ఫోటో తీయొద్దు. ఆయన సాయం తీసుకున్నాడని ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. ఆరు నెలలకు సంస్థ నుంచి ఒక కాగితం అడిగి తీసుకోండి, పేర్లు లేకుండా ఎంతమందికి ఎన్ని ప్రయాణాలకు ఇచ్చారో, ఎంత మిగిలిందో. ఆ కాగితం ఇస్తామని ముందే ఒప్పుకోని సంస్థ అయితే ఇంకొకదాన్ని వెతుక్కోండి.