గరిక బారి నుంచి పార్కును కాపాడుకుందాం

కాలనీ పార్కులో గరిక పుట్టిందంటే సంక్షేమ సంఘం అత్యవసర సమావేశం పెట్టాల్సిందే. ఈ గడ్డికి కొన్న రసీదు ఉండదు. వేసవిలో నీళ్లు ఆపినా చావదు. రంగు మారి పడుకుంటుంది, తొలకరికి ఎవరి అనుమతీ లేకుండా లేస్తుంది. పిల్లలు తొక్కినా ఊరుకుంటుంది. గౌరవం తెలియని మొక్క.

దీనికి విరుగుడు నర్సరీలు పలకలుగా అమ్మే మెక్సికన్ గడ్డి. నేల తవ్వనక్కర్లేదు. సిమెంటు పెచ్చుల మీద ఇంత ఎర్రమట్టి చల్లి పలకలు పరిచేస్తే ప్రారంభోత్సవం నాటికి పచ్చగా ఉంటుంది. పలకల మట్టిలో తుంగ దుంపలు తరచూ ఉచితంగా వస్తాయి. ఆకు పీకితే దుంప మళ్లీ మొలుస్తుంది కనుక కూలివాళ్లకు ఏడాది పొడవునా పని. ఏప్రిల్‌లో అడుగు లోతు తవ్వి దుంపల్ని పైకి తిప్పితే ఎండకు చాలావరకు చస్తాయి. అందుకే ఏప్రిల్‌లో ఎవరూ గడ్డపార ముట్టుకోకూడదు.

ఇక నీళ్లు. చదరపు మీటరుకు లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వానతో సమానం. మే నెల హైదరాబాద్ ఎండలో పచ్చదనం చెడకుండా ఉండాలంటే రోజుకు అయిదు మిల్లీమీటర్లయినా కావాలి. వెయ్యి చదరపు మీటర్లకు 5,000 లీటర్లు, అంటే సరిగ్గా ఒక ట్యాంకర్. లెక్క ఇంత చక్కగా కుదరడం దైవసంకల్పం కాక మరేమిటి! దాన్ని రోజూ పొద్దుగూకాక పైపైన చిలకరించాలి. అప్పుడే వేళ్లు లోతుకు పోకుండా మర్నాడు మళ్లీ నీళ్లడుగుతాయి. రాత్రంతా తడిసిన ఆకుకు బూజు తెగులు వస్తే మందుల బడ్జెట్ వేరే ఉంది. చెట్ల నీడలో కూడా పరచాలి. అక్కడ పలచబడి చస్తుంది కాబట్టి ఏటా కొత్త పలకలు కొనొచ్చు.

కొందరు అజ్ఞానులు ఇంకోలా చేస్తారు. ఆట స్థలానికి మాత్రమే గడ్డి చాలంటారు. జూన్‌లో నేల తవ్వి, చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలవకుండా నూటికి ఒకటి రెండు వంతుల వాలు ఇచ్చి, కణుపులున్న గరిక తీగ ముక్కల్ని పది సెంటీమీటర్లకొకటి నాటి రోలర్ తిప్పుతారు. కోసినప్పుడు గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయరు. గరికకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలని, మళ్లలోకి పాకకుండా షాబాద్ బండలు జానెడు లోతున నిలువుగా పాతాలని వాళ్లకు తెలుసు. చెట్ల కింద రాలిన ఆకుల్ని అలాగే వదిలేస్తారు, ఊడ్పించరు! మిగతా జాగాలో తంగేడు, వావిలి, కానుగ, పొగడ. తంగేడు గింజల్ని వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి ఉన్నచోటే విత్తుతారు. సంచుల్లో ముదిరితే తల్లివేరు మెలికపడుతుందట. మొదటి వేసవి వారానికోసారి నీళ్లు పోసి తర్వాత మరచిపోతారు. బతుకమ్మకు పూలు ఇంటిముందే దొరికితే పండగ ఖర్చేముంటుంది?

ప్రహరీ పక్కన కోనోకార్పస్ తప్పనిసరి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించిందంటే నర్సరీల్లో చౌకగా దొరుకుతుందని అర్థం. స్వదేశీ మొక్కలే పెట్టమని మరీ పట్టుబడితే ఏడాకులపాల ఉంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ రోడ్ల పక్కన విరివిగా పెంచారు; పూత వేళ రాత్రిపూట ఆ ఘాటు ఎలా ఉంటుందో అక్కడివారినే అడగండి. మనదైతే చాలు, ఎక్కడ పెట్టామన్నది అనవసరం.

ఒక్క సడలింపు. వినాయక చవితి ముందురోజు గరిక, విష్ణుక్రాంత, ఉత్తరేణి, వావిలి, జిల్లేడు బజార్లో కట్టలుగా కొనవచ్చు. ఆ ఖర్చు పత్రి ఖాతాలో రాయాలి. అవే మొక్కల్ని పార్కులోంచి పీకించిన కూలి కలుపు ఖాతాలోకి వెళ్లాలి. రెండు బిల్లులూ ఒకే పేజీలో పడకుండా కోశాధికారిగారు చూసుకోవాలి.