నీళ్ల గిన్నె కుంపటి విషాన్ని పీల్చదు

చలి మొదలైందంటే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈసారి మా దేవరకొండ వైపు చుట్టాల గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "ఆయిల్ రేడియేటర్ హీటర్లు గదిలో ఆక్సిజన్‌ను కాల్చేస్తాయి. తాతల నాటి బొగ్గుల కుంపటే మేలు. పొగ పోయి బొగ్గులు ఎర్రబడ్డాక గదిలో పెట్టుకోండి. పక్కన గిన్నెడు నీళ్లు ఉంచితే విషవాయువును అవే పీల్చుకుంటాయి. బాలింతలకు, పసిపిల్లలకు మరీ మంచిది." పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. కానీ దీన్ని నమ్మితే ప్రాణాలు పోతాయి.

ముందు పొగ సంగతి. పొగ కళ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది కాబట్టే మనం లేచి తలుపు తీస్తాం. అసలు విషం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గులు పొగ లేకుండా కణకణలాడేటప్పుడే అది బాగా పుడుతుంది. ఎర్రటి బొగ్గుల మీద సన్నగా నీలిమంట ఆడుతుంది చూడండి, అది ఆ వాయువు కాలుతున్న మంటే. కాలకుండా మిగిలింది గదిలోకి వస్తుంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోతున్న మనిషి మెలకువే రాకుండా స్పృహ తప్పుతాడు.

నీళ్ల గిన్నె ఏమీ చేయలేదు. ఈ వాయువు నీళ్లలో కరగదనే చెప్పాలి. లీటరు నీళ్లను అచ్చంగా ఆ వాయువులోనే ఉంచినా, అందులో కరిగేది సుమారు 25 మిల్లీలీటర్లే. పదికి పన్నెండడుగుల గదిలో, పదడుగుల ఎత్తుంటే, దాదాపు 34,000 లీటర్ల గాలి ఉంటుంది. గది వేడెక్కి గొంతు ఎండిపోకుండా నీళ్లు పెట్టుకుంటారు, దానికి అది పనికొస్తుంది. ఆ అలవాటునే ఎవరో విషానికి విరుగుడుగా మార్చేశారు.

తాతలు వాడలేదా అంటారు. వాడారు. మా నాయనమ్మ ఇల్లు పెంకుటిల్లు. పొద్దున లేచేసరికి పెంకుల సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా గచ్చు మీద పడేది. వెలుతురు వచ్చిన దారిలోనే గాలీ వచ్చేది. ఇప్పుడు మనవి స్లాబు ఇళ్లు, బిగుతుగా మూసుకునే స్లైడింగ్ కిటికీలు. కుంపటి అదే, ఇల్లే మారింది.

ఆయిల్ రేడియేటర్‌లో ఏదీ మండదు. లోపల సీలు వేసిన నూనెను కాయిల్ వేడి చేస్తుంది, ఆ వేడి రెక్కల నుంచి గదిలోకి వస్తుంది. మంటే లేనప్పుడు ఆక్సిజన్ ఎందుకు ఖర్చవుతుంది? నూనె మార్చే పని కూడా లేదు. కింద నూనె మరక కనిపిస్తే మాత్రం వాడటం ఆపేయాలి. 2000 వాట్లది ఆగకుండా నడిస్తే గంటకు 2 యూనిట్లు కాలుతుంది, 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. తడి బట్టలు దాని మీద ఆరేయొద్దు. అటక మీద పడుకోబెట్టి ఉంచినదైతే దింపి, నిలబెట్టి, నూనె కిందికి దిగేదాకా ఆగి ఆన్ చేయాలి. నిజానికి నల్లగొండ, పాలమూరు చలికి చాలా ఇళ్లలో మంచి దుప్పటి సరిపోతుంది.

ఇక బాలింతల మాట. నాకు కోపం దీని మీదే. మా చెల్లెకు కాన్పయిన పన్నెండో రోజు, చలిగాలి తగలొద్దని తలుపు, కిటికీ బిగించి మంచం కింద కుంపటి పెట్టారు. తెల్లవారుజామున చెల్లెకు తల పగిలిపోయే నొప్పి, వాంతి. అమ్మ లేవబోతే కాళ్లు ఆడలేదు. తిన్నది పడలేదేమో అనుకున్నారు. బాబు పాలు తాగకుండా మత్తుగా ఉన్నాడు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ చెల్లె వేలికి పెడితే 98 చూపించింది. బాగానే ఉంది కదా, కాసేపు పడుకోమన్నారు. బావ మాట వినకుండా ముగ్గురినీ వాకిట్లోకి తెచ్చాడు. అదే వాళ్లను బతికించింది.

ఆ మీటర్ రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తమూ దానికి ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. అందుకే ఆ 98. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నరలో తగ్గుతుంది. ఒకే గదిలో పడుకున్న ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వాంతి వస్తే ముందు తలుపు తీయండి, అందరినీ బయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో మొదటి మాటగా "గదిలో కుంపటి ఉంది" అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరు కూడా తిన్నదాని గురించే అడగొచ్చు.