ఎంటికల సంచి

బుధవారం జరిగింది ఇది. ఇవాళ సోమవారం. అయినా ఆ కండక్టర్ గొంతు గుర్తుకొస్తే ముద్ద దిగడం లేదు. అందుకే రాసి పారేస్తున్నాను.

మాది మక్తల్ దాటి కృష్ణ స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద ఒక ఊరు. ఇల్లు ఊరి చివర. ఇంటి ముందు పదకొండు మందారం చెట్లు, నాలుగు గులాబీలు. చెట్లు మా ఆవిడవి. అంటే నీళ్ళు పోసేది నేను, పూలు లెక్కపెట్టేది ఆమె. ఇంటి వెనక నల్లరేగడి చేలు, ఆ చేలల్లో జింకలు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటూ "అబ్బ, ఎంత ముద్దుగున్నయో" అంటారు. పత్తి గింజలు రెండోసారి నాటుతున్న రైతు అక్కడే నిలబడి వింటుంటాడు. అతని మనసులో ఏముంటుందో నాకు ఈ ఏడు తెలిసింది.

వానలు పడి పత్తి రెండాకులు వేయగానే మందలు మందలుగా దిగుతాయి. రైతులు డబ్బాలు కొడుతూ కాపలా కాస్తారు. చేలో డబ్బా మోగితే అవి మా ఇంటికి వస్తాయి. మా ఇంటి దగ్గర కాపలా ఉండేది నేను, అదీ నిద్రలో. పత్తి, బెండ, మందారం ఒకే కుటుంబం మొక్కలని బడిలో ఏటా చెప్తాను. పరీక్షలో సగం మంది పిల్లలు తప్పు రాస్తారు. జింకలు మాత్రం ఒక్కటి కూడా తప్పు రాయలేదు. పత్తి దొరక్కపోతే నేరుగా మందారానికే వచ్చాయి. పక్కనే పచ్చగా ఉన్న గన్నేరును మూతి పెట్టి కూడా చూడలేదు. అది విషమని కూడా వాటికి తెలుసు.

ఒక ఆఫీసుకు వెళ్ళాను. కుర్చీలో ఉన్నాయన "ఏం పంట?" అన్నాడు. మందారాలన్నాను. "పంటకైతే ఫారం ఉంది సార్, మందారానికి లేదు" అన్నాడు. ఆ తర్వాత నేను అడగకుండానే, కృష్ణజింక 1972 చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువనీ, ఏమన్నా చేస్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు లోపలనీ చెప్పాడు. నేనేదో కత్తి పట్టుకుని వచ్చినట్టు! అది చెట్లను ముట్టుకోకుండా ఏం చేయాలని కదా నేను అడిగింది? "మరి మందారం ఏ షెడ్యూల్ సార్?" అని నవ్వాడు. టీ తెచ్చిన పిల్లవాడు కూడా నవ్వాడు. ఆయనకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. పక్క రాష్ట్రం జంతువు వచ్చి మా పూలు తింటుంటే ఈయనకు పట్టదా అని అడుగుదామనుకున్నాను. ఇంటికొచ్చాక అనుకున్నాను. నాకు మంచి మాటలన్నీ ఇంటికొచ్చాకే తడతాయి.

ఇక మా తోడల్లుడు. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంటాడు. ఇంట్లో ఉన్నది ఒక్క తులసి చెట్టు. దానికి కూడా నీళ్ళు పోసేది పనమ్మాయి. ఆయన తోటపని మీద సలహాలు ఇస్తాడు. అమెరికా వీడియో ఒకటి పంపాడు. అందులో ఒక ముసలాయన చెట్లకు సబ్బులు వేలాడదీసి, మనిషి వెంట్రుకలు మూటలు కట్టి, "ఇక జింక ఈ వైపుకు రాదు" అంటాడు. అక్కడిది తెల్లతోక జింక, దాని కొమ్ములు ఏటా రాలిపోతాయి. మనది పేరుకే జింక, నిజానికి మేకల చుట్టం, కొమ్ములు రాలవు, సిగ్గు అసలే లేదు. ఇదంతా విడమరిచి రాశాను. "ముందు చేసి చూడు బావా, పాఠం తర్వాత చెప్పు" అని జవాబొచ్చింది.

సబ్బులు కాకులు ఎత్తుకుపోయాయి. చేలల్లో కట్టినట్టు కంచె చుట్టూ పాత చీరలు కట్టాను. అందులో ఒకటి పాతది కాదట, నారాయణపేట చీరట. ఆ రాత్రి సంగతి ఇక్కడ రాయను.

మిగిలింది వెంట్రుకలు. మక్తల్‌లో నేను వెళ్ళే కటింగ్ షాపులో అడిగితే, "మంగళవారం ఎట్లా బందే కద సార్, ఐతారం, సోమారంవి ఊడ్చి పెడ్త. బుధారం వచ్చి తీస్కపో" అన్నాడు. బడి అయ్యాక వెళ్ళేసరికి పాతిక కిలోల బియ్యం సంచి నిండా నొక్కి, మూతి దారంతో కుట్టి ఉంచాడు. ఎత్తితే నాలుగైదు కిలోలు కూడా లేదు. చేతి సంచిలో మా ఆవిడ చెప్పిన సామాను: డజను కోడిగుడ్లు, అరడజను నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. వీటిలో ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏ తప్పూ లేదు. అది నేను ఇప్పటికీ అంటాను.

ఆ రోజు అమావాస్య అని నాకు తెలియదు. ఆషాఢ అమావాస్య.

బస్సు కిక్కిరిసి ఉంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి సీట్లు వాళ్ళవి, రాడ్లు మావి. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను. కండక్టర్ వచ్చాడు.

"సారూ, లగేజీ కొట్టాలె. సంచిల ఏముంది?"

"ఏం లేదు" అన్నాను. తప్పంతా ఇక్కడే మొదలైంది. నూక అన్నా, తవుడు అన్నా పోయేది.

"ఏం లేకుంటే సంచెందుకు?" అని వేలితో పొడిచాడు. వేలు మెత్తగా లోపలికి పోయింది. అతని ముఖం మారింది. "ఏంది సారూ ఇది?"

"వెంట్రుకలు" అన్నాను, చిన్నగా.

"ఏందీ?"

"వెంట్రుకలయ్యా."

"ఎంటికలా!"

ఆ ఒక్క మాట అతను డ్రైవర్ నుంచి వెనక సీటు దాకా వినబడేలా అన్నాడు. నాకు కోపం ఇక్కడే. చెవిలో చెప్పిన మాటను మైకులో చెప్పినట్టు చెప్పడం అవసరమా? పోనీ చెప్పాడు, అంతటితో ఆపాడా? "ఎంటికలకు లగేజీ ఎట్ల కొట్టాలె, బరువు లేదు, జాగ మాత్రం ఇద్దరిది పట్టింది" అని చర్చకు పెట్టాడు. తలా ఒక సలహా ఇచ్చారు.

కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకామె నన్ను కింది నుంచి పైకి చూసింది. ఒళ్ళో పెరుగు గిన్నె, దాని మీద గుడ్డ.

"అమాస పూట సంచెడు ఎంటికలు ఏం జేస్తవ్ బిడ్డా?"

"జింకలకమ్మా."

"జింకలకు ఎంటికలు లేవా?"

నేను వివరించడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే స్పీడ్ బ్రేకర్. వెనకనుంచి ఎవరిదో గంప వచ్చి నా సంచి మీద పడింది. కటింగ్ షాపు కుట్టు పట్టున ఊడింది. రెండు వైపులా కిటికీలు తెరిచే ఉన్నాయి, బయట ఆషాఢం గాలి.

మక్తల్ మగవాళ్ళలో సగం మంది తల బస్సులో లేచింది. నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టుకున్న ఎర్రవి, ఒక కొస తెల్లగా మరో కొస నల్లగా ఉన్నవి. ఆ చివరి రకం చూడగానే మా హెడ్మాస్టర్ గుర్తొచ్చాడు. ఆదివారమే కటింగ్ చేయించుకున్నాడు, రంగు వేయనని అందరితో అంటుంటాడు. అంత గొడవలోనూ నాకు ఒక్క క్షణం సంతోషం కలిగిందని ఒప్పుకోవాలి. వెంట్రుకలు చెమట మెడల మీద అంటుకున్నాయి, పాపిట్లో దిగాయి, పెరుగు గిన్నె మీది గుడ్డ మీద ఒక పొరలా పరుచుకున్నాయి. తుమ్ములు మొదలయ్యాయి. పట్టుకుందామని వంగాను. చేతి సంచి వంగింది. ఒక నిమ్మకాయ దొర్లింది.

ఈ నిమ్మకాయ గురించి కొంచెం చెప్పాలి. బస్సు ముందుకు పోతుంటే అది వెనక్కి దొర్లింది. అది వస్తుంటే ఒక్కో సీటు దగ్గర కాళ్ళు పైకి లేచాయి. ముందు సీటు కాళ్ళు, ఆ వెనకవి, ఆ వెనకవి, గాలికి జొన్నచేను వంగినట్టు వరసగా. నిలబడ్డ మగవాళ్ళు రాడ్ పట్టుకుని వేలాడారు. డిగ్రీ పుస్తకాలు పట్టుకున్న పిల్లలు, అందులో ఇద్దరు నా దగ్గర చదివినవాళ్ళే, వాళ్ళూ కాళ్ళెత్తారు. మూఢనమ్మకాల మీద ప్రతి ఏడాది నేను చెప్పే ఉపన్యాసం ముందు వరసలో కూర్చుని విన్నవాళ్ళు! నిమ్మకాయ చివరి సీటుకు తగిలి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. డ్రైవర్ బ్రేక్ వేశాడు. అది మళ్ళీ ముందుకు బయలుదేరింది. మళ్ళీ వరసగా కాళ్ళు. కండక్టర్ ఒక్క గెంతుతో ఫుట్‌బోర్డు మీదికి దిగాడు. నిమ్మకాయ నా పక్క నుంచే పోయింది. పట్టుకోవచ్చు. కానీ పట్టుకుంటే అది నాదని ఒప్పుకున్నట్టే కదా? ఊరుకున్నాను. అది పోయి పోయి గేర్ రాడ్ పక్కన, డ్రైవర్ చెప్పు దగ్గర ఆగింది.

డ్రైవర్ దాన్ని చూశాడు. ఇంజిన్ ఆపాడు. దిగి పోయి వేపచెట్టు కింద నిలబడ్డాడు.

"నేను నడ్ప. ఎవరిదో వాళ్ళు తియ్యాలె."

"అన్నా, కొత్త బండి టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేది మీరే కదా!" అన్నాను.

"బండి బయట నిమ్మకాయ ఏరు, బండి లోపల నిమ్మకాయ ఏరు సారూ."

దీనికి నా దగ్గర సైన్సు లేదు. అప్పటికి బస్సులో గుసగుస ఒక్క మాట మీదికి వచ్చింది. బాణామతి. "కోడిగుడ్లు గూడ ఉన్నయి" అని ఎవరో గమనించారు. "పసుపు, కుంకుమ" అన్నారు ఇంకెవరో. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. నా చుట్టూ మాత్రం ఒక మూర జాగా ఖాళీ అయింది. ఇరవై నిమిషాలుగా కాలు పెట్టే సందు లేని బస్సులో! ముసలమ్మ కొంగు సర్దుకుని కిటికీ వైపుకు తిరిగింది.

"అమ్మా, నేను సైన్సు సార్‌ని" అన్నాను.

"అయితే మందు గూడ తెల్సన్నట్టు" అంది ఆమె, పక్కామెతో.

అప్పుడు తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు ఒకాయన, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడనాయన, వెంట్రుకలు దులుపుకుంటూ అన్నాడు: "సారూ, ఎంటికలు జింకలకు కాదు, అడివి పందులకు చల్లుతం. పంది ముట్టె నేలకానిచ్చి వాసన పట్టుకుంట వస్తది, ముక్కులకు పోతయి, తిరిగి పోతది. జింక తలెత్తుకొని వస్తది. దాని ముక్కులకు ఎట్ల పోతయి?"

ఆయన అన్నది నిజం. ఇంత సులువైన సంగతి నాకు గానీ, తోడల్లుడికి గానీ, అమెరికా ముసలాయనకు గానీ తట్టలేదు.

నిమ్మకాయ నేనే తీశాను. తర్వాత ఇంటికి ఎలా చేరానో రాయను. మిగిలిన వెంట్రుకలు ఒక దోసెడు. పాత సాక్సుల్లో నింపి, పంతానికి, మందారాలకు కట్టాను. గురువారం పొద్దున ఒక మగజింక, వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు మెలికలు తిరిగి, అచ్చం క్యాలెండర్ బొమ్మలా నిలబడి, సాక్సును మూతితో పక్కకు జరిపి మొగ్గ తింటోంది. తోడల్లుడు "ఫొటో పెట్టు బావా" అని రెండుసార్లు అడిగాడు. పెట్టలేదు.

నిన్న ఆదివారం ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. బస్సులో ముసలమ్మ. వెంట కోడలు, కోడలి చేతిలో కొబ్బరికాయ. ఇల్లు ఎట్లా దొరికిందని అడిగితే, "ఎంటికల సార్ ఇల్లు ఏదంటే చిన్న పిలగాడు గూడ చూపెట్టిండు" అంది. అరుగు మీద కూర్చుంది. మా ఆవిడ, నారాయణపేట చీర కోపం ఇంకా పోలేదు కాబట్టి కావాలనే, లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది.

బర్రె నాలుగు రోజుల నుంచి పాలు చేపడం లేదట. బుధవారం నుంచేనట. ఎవరో చేసిందని అనుమానమట. నేను చేశానని ఆమె అనుకోవడం లేదట. "చేసింది విప్పేటోళ్ళు కావాలె గద" అంది.

నేను లేచి నిలబడ్డాను. బాణామతి అనేది లేదని, బర్రె పొదుగు వాచిందేమో చూడాలని, మక్తల్‌లో పశువుల డాక్టరు ఉంటాడని, ఆ వెంట్రుకలు కటింగ్ షాపులోవనీ, కోడిగుడ్లు అట్టు వేసుకోవడానికనీ, నిమ్మకాయలు పులిహోరకనీ, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎన్నడూ మాట్లాడనంత గట్టిగా, అరగంట మాట్లాడాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంత శ్రద్ధగా నా పాఠం ఏ పిల్లవాడూ వినలేదు. అంతా విని, చాయ్ గ్లాసు కింద పెట్టి, రొండిన దోపిన చిన్న సంచి బయటకు తీసింది.

"అయితే ఎంత తీస్కుంటవ్ సారూ?"