వేరుకు తిండి పెట్టే జీవులకు తిండేది?

నల్లగొండ జిల్లాలో గుర్రంపోడు, పెద్దవూర, అనుముల వైపు బత్తాయి తోటలున్న రైతులకు ఈ తెగులు కొత్త కాదు. చెట్టుకు ఒక పక్క కొమ్మలు పసుపుబారతాయి. ఆకు రాలిపోతుంది, కాయ మాత్రం కొమ్మను వదలదు. కొన్ని చెట్లు పోయే ముందు ఎన్నడూ లేనంతగా పూసి కాస్తాయి కూడా. ఆ కాత చూసి రైతు సంబరపడేలోపే చెట్టు నిలువునా ఎండుతుంది. పాదు తవ్వితే వేరు బెరడు చేతికి ఊడొస్తుంది, లోపల కుళ్లు వాసన. అక్కడి నుంచి రైతు పోయేది మందుల దుకాణానికే. "ఏం మందు పొయ్యాలె అన్నా?" అని అడిగితే కౌంటర్ మీదికి ఏదో ఒక సీసా వస్తుంది.

ఈ ఎండు తెగులుకు కారణమని చెప్పే ఫ్యుజేరియం శిలీంద్రం ఆ ఒక్క చెట్టు కిందే ఉండదు. పచ్చగా ఉన్న పక్క చెట్టు పాదులోనూ ఉంటుంది. మరి ఒకటి పోయి ఇంకోటి ఎందుకు నిలుస్తోంది? మొదలు దగ్గర నీళ్లు నిలవడం, దుక్కిలో పీచు వేర్లు తెగడం, పూత కోసం తోటను వాడబెట్టడం మోతాదు మించడం, బోరు ఎండిపోయి వేసవిలో చెట్టు అల్లాడటం లాంటివన్నీ వేరును బలహీనం చేస్తాయి. ఇవి చాలామందికి తెలిసినవే. వేరు చుట్టూ ఉండాల్సిన కాపలా, అంటే మేలు చేసే సూక్ష్మజీవులు, పలచబడటం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. దుకాణంలో ఇచ్చే మందుకు కూడా కాపలా ఎవరో దొంగ ఎవరో తేడా తెలియదు. కార్బెండజిమ్ అనే శిలీంద్రనాశిని పోస్తే ఫ్యుజేరియంతో పాటు దాన్ని తినే ట్రైకోడెర్మా అనే మేలు శిలీంద్రం కూడా పోతుంది.

వేరును ఆనుకుని ఉండే కొద్ది మిల్లీమీటర్ల మట్టి మిగతా మట్టి లాంటిది కాదని జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్నర్ 1904లోనే గుర్తించి, దానికి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. ఎండలో ఆకు తయారుచేసుకున్న చక్కెరల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని, కొన్ని మొక్కల్లో ఐదో వంతు దాకా, వేరు ఆ కాస్త మట్టిలోకి వదులుతుంది. చక్కెరలు, ఆమ్లాలు, జిగురు అన్నీ అందులో ఉంటాయి. కష్టపడి సంపాదించింది ఊరికే పారబోయడానికి మొక్కేమీ అమాయకురాలు కాదు. ఆ తిండికి చేరే సూక్ష్మజీవులతో దానికి పనుంది. సూడోమోనాస్ జాతి బ్యాక్టీరియా మట్టిలోని ఇనుమును ముందే పట్టేసుకుంటుంది, తెగులు శిలీంద్రానికి అందనివ్వదు. ట్రైకోడెర్మా ఆ శిలీంద్రాన్ని చుట్టుకుని దాని గోడను కరిగించి తినేస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు వేరును తాకితే చాలు, పైన ఆకులో కూడా రోగాన్ని తట్టుకునే ఏర్పాట్లు మొదలవుతాయి. మైకోరైజా అనే శిలీంద్రం వేరులోకి చొచ్చుకుని, వెంట్రుక కంటే సన్నటి పోగులను మట్టిలోకి పంపి, వేరుకు అందని చోట నుంచి భాస్వరం తెచ్చిస్తుంది. భూమ్మీది మొక్కల్లో అధిక భాగం ఈ పొత్తు మీదే బతుకుతున్నాయి.

భాస్వరం దగ్గర మన చల్క నేలల కథ వేరు. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది. మట్టిలో ఉన్నా మొక్కకు చిక్కదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చేసిన పరిశోధన 1990లో ఒక ముచ్చటైన సంగతి బయటపెట్టింది. కంది వేరు వదిలే పిసిడిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని, దానికి అంటుకున్న భాస్వరాన్ని విడిపిస్తుందట. పాలమూరు మెట్ట చేలల్లో జొన్నలో కంది వేసుకోవడం తాతల నాటి అలవాటు. కందికి వచ్చే ఎండు తెగులు జొన్నతో కలిపి వేసిన చోట తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. జొన్న పోయి పత్తి వచ్చాక ఆ లాభం రెండు వైపులా పోయింది.

పోయిన దాన్ని డీఏపీ ఎరువుతో పూడ్చుకుంటున్నాం. ఎరువుల లెక్కన (P2O5 రూపంలో) బస్తాలో 46 శాతం భాస్వరం. వేసిన దాంట్లో పెద్ద భాగం ఆ ఏడాది మొక్కకు అందదు, నేలలో నిల్వ ఉండిపోతుంది. మన నేలల్లో భాస్వరం పేరుకుపోయింది, తగ్గించండని వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయం ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. డబ్బు దండగన్నది అందరూ చెప్పేదే. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. భాస్వరం సులభంగా దొరికితే మొక్క మైకోరైజాను పిలవడం మానేస్తుంది, దానికి తిండి తగ్గించేస్తుంది. ఆ శిలీంద్రం తెచ్చేది భాస్వరం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. జింకు అందించడంలో, బెట్ట తట్టుకోవడంలో, వేరు తెగుళ్లను అడ్డుకోవడంలో కూడా దానికి చెయ్యి ఉంది. కాబట్టి అవసరం లేని చోట వేసిన డీఏపీ దండగ ఖర్చు మాత్రమే కాదు, కాపలాదారుకు జీతం ఆపేయడం కూడా.

2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. ఉదజని సూచిక నుంచి బోరాన్ దాకా అన్నీ రసాయనాలే. నేలలో ప్రాణం ఎంతుందో చెప్పే గడి ఒక్కటీ లేదు. దానికి దగ్గరగా వచ్చేది సేంద్రియ కర్బనం. 0.5 శాతం కంటే తక్కువుంటే లోపం కింద లెక్క, మన చల్కల్లో అది మామూలే. ఆ గడిని ఏ రైతుకూ ఎవరూ చదివి వినిపించరు. సూక్ష్మజీవుల తిండి అదే కదా, కార్డు చేతికొస్తే ముందు చూడాల్సిన గడి అదేనని నా అభిప్రాయం.

తిండి లేని నేలలో జీవన ఎరువుల పేరుతో ప్యాకెట్లలో అమ్మే సూక్ష్మజీవులను వేస్తే ఏమవుతుంది? మొదటి ఇబ్బంది దుకాణంలోనే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలో అమ్మే రైజోబియం (వేరు బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే బ్యాక్టీరియా)లో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. మే నెల ఎండకు కాలే రేకుల గోదాములో వారాల తరబడి పడున్న ప్యాకెట్‌లో ఎన్ని మిగులుతాయి? పురుగుమందుల పక్కన అదే అరలో పెట్టి అమ్ముతున్నప్పుడు కొనేవాడికి అది బతికున్న సరుకన్న ఊహే రాదు. "జీవన ఎరువులు వేశాను, ఏం పని చెయ్యలే" అని రైతు అంటే తప్పు పట్టలేం.

ట్రైకోడెర్మాకు శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతిలోనే అసలు కిటుకు ఉంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, అందులో 2 కిలోల ట్రైకోడెర్మా పొడి చల్లి, నీడలో తేమ ఆరకుండా గోనె సంచులు కప్పి వారం పది రోజులు ఉంచాలి. కుప్ప మీద తెల్లటి, ఆకుపచ్చ బూజు కమ్ముకుంటే అప్పుడు పాదుల్లో వేసుకోవాలి. ఇక్కడ 2 కిలోల పొడి తోడు మాత్రమే, పని జరిగేదంతా ఆ 90 కిలోల పేడ ఎరువులో. అదే పొడిని నీళ్లలో కలిపి ఎండిన చల్క మీద పోస్తే వచ్చేది అంతంతమాత్రం. కానీ ఆ ఎరువు ఎక్కడుంది? ఇళ్ల ముందు పశువులు తగ్గి, దుక్కికి ట్రాక్టర్ వచ్చాక పెంటకుప్పలు కరిగిపోయాయి. ట్రాలీ ఎరువు కొనాలంటే కౌలు రైతు వెనకాడతాడు. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియదు మరి.

ఇటువైపు ఇంత నిర్లక్ష్యం ఉంటే, అటువైపు ప్రకృతి సేద్యం పేరుతో జరిగే ప్రచారంలో అతి ఉంది. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పోస్తే ఇక ఏ ఎరువూ అక్కర్లేదనడం నాకు మింగుడుపడదు. అందులో పడే పేడ 10 కిలోలు, పోషకాల లెక్కలో అది లేనట్టే. నేలలో చెత్తాచెదారం, పచ్చిరొట్ట ఉన్న చోట దానివల్ల కొంత కదలిక రావచ్చు. ఖాళీ చల్కలో పత్తికి నత్రజని ఆకాశం నుంచి ఊడిపడదు. జీలుగ, జనుము కలియదున్నడం, పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేసి నేలలో కలపడం, చెరువు మట్టి తోలుకోవడం లాంటి పాత పనులకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మిషన్ కాకతీయలో 2015 నుంచి చెరువులు పూడిక తీసినప్పుడు ఆ మట్టి తోలుకున్న చల్కలకు తేమ పట్టే గుణం పెరిగింది. తేమ నిలిస్తేనే సూక్ష్మజీవి నిలుస్తుంది.

సబ్సిడీ ఇప్పుడు బస్తాను వెంబడిస్తోంది. అందులో కొంత కర్బనాన్ని వెంబడించాలి. పచ్చిరొట్ట విత్తనం వాన పడకముందే ఊరికి చేరాలి, కట్టె ముక్కలు చేసే యంత్రం అద్దెకు దొరకాలి, జీవన ఎరువుల ప్యాకెట్లను దుకాణాల్లో ఎప్పటికప్పుడు శాంపిల్ తీసి పరీక్షించాలి.

ఖర్చు లేని పని కూడా ఒకటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో వేరుశనగ వేస్తారు. నెల దాటిన మొక్కను తడి మీద మట్టితో సహా పెకిలించి, వేరు మీది బుడిపెను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగుంటే రైజోబియం గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టే, పైన యూరియా అక్కర్లేదు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే, అసలు బుడిపెలే లేకపోతే, వచ్చే పంటకు విత్తనానికి రైజోబియం పట్టించుకోవాలి. శిలీంద్రనాశిని ముందు, రైజోబియం చివర, బెల్లం పానకంతో కలిపి నీడలో ఆరబెట్టాలి. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టిన జనం మనం. వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) రైతువేదికలో మీటింగ్ పెట్టే బదులు ఊరికో చేనులో నాలుగు మొక్కలు ఇలా పెకిలించి చూపిస్తే, వేరుశనగకు యూరియా చల్లే వాళ్లలో సగం మంది ఆ బస్తా కొనడం మానేస్తారు.