రెక్టరు గారి పదమూడో నియమానికి ఒక తల్లి ఉత్తరం

మహారాజశ్రీ పదమూడో నియమం గారికి,

అమెరికా నుంచి ఒక తెలుగు తల్లి నమస్కరించి రాయునది. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, 1599 నుంచీ పుస్తకం దాటి బయటికి రాలేదు కదా.

మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం ఒక మాట. జెస్యూట్ ఫాదర్లు, అంటే బడులు నడిపే ఒక కాథలిక్ సన్యాసుల సంఘంవారు, తమ బడులన్నిటికీ కలిపి ఆ ఏడాది ఖాయం చేసిన చదువుల పద్ధతి ‘రాషియో స్టుడియోరుమ్’. అందులో రెక్టర్లకు, అంటే బడి పెద్దలకు, రాసిన నియమాల్లో మీరు పదమూడోవారు. విషాదమైనా హాస్యమైనా నాటకం లాటిన్‌లోనే ఆడాలి. అదీ ఎప్పుడో ఒకసారి. కథ పవిత్రంగా ఉండాలి. మధ్యలో ఏం చొప్పించినా అదీ లాటిన్‌లో, మర్యాదగా ఉండాలి. ఆడపాత్ర, ఆడవేషం అసలే కనబడకూడదు. ఒక్క వాక్యంలో ఇన్ని వద్దులు మా అత్తగారు కూడా చెప్పలేదండీ.

మరి నాటకమే మానేయొచ్చుగా అంటే, అదీ కుదరదు. కుర్రాళ్లు తడుముకోకుండా లాటిన్ మాట్లాడాలి, నలుగురి ముందు నిటారుగా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియాలి. పైగా బహుమతుల రోజున ఊరి పెద్దలు వచ్చి ముందు వరసలో కూర్చోవాలి. ఆ పెద్దల్లో చాలామందికి లాటిన్ రాదు. అందుకని కథంతా వాళ్ల భాషలో అచ్చేసి గుమ్మం దగ్గరే చేతిలో పెట్టేవారు. మీకు పడిన మొదటి చిల్లు అదే.

పారిస్‌లో మీవాళ్ల బడి లూయీ-ల-గ్రాన్ సంగతి మీ చెవిన పడిందో లేదో. లాటిన్ నాటకం అంకాల మధ్య బాలే నాట్యాలు పెట్టేవారు. 1688లో అక్కడ షార్పాంతియే సంగీతంతో ‘డావిడ్, జోనాతాస్’ పాడారు, శుభ్రంగా ఫ్రెంచిలో. అందులో ఒక మంత్రగత్తె ఉంది. పాడింది మగగొంతే అనుకోండి, పాత్ర మాత్రం ఆడదే. కథ బైబిల్లోది కాబట్టి ‘పవిత్రం’ ఒక్కటీ మిగిలింది, సంతోషించండి.

మరుసటి ఏడాదే వెర్సాయ్ పక్కన సాఁ-సీర్ ఆడపిల్లల బడిలో రసీన్ రాసిన ‘ఎస్తేర్’ నాటకం ఆడించారు. అక్కడ రాజు పాత్రా ఆడపిల్లే, మంత్రి పాత్రా ఆడపిల్లే. చూడ్డానికి అసలు రాజు పద్నాలుగో లూయీ వచ్చాడు, వెంట ఆస్థానమంతా వచ్చింది. వచ్చినవాళ్ల చూపులు నాటకం మీదే నిలవలేదని పెద్దలకు బెంగ పట్టుకుంది. 1691లో అదే రసీన్ నాటకం ‘అతలీ’ వచ్చేసరికి వేషాలూ లేవు, తెరలూ లేవు. ఇక్కడ మగపిల్లల బడి, అక్కడ ఆడపిల్లల బడి, ఎవరికి వారే తిప్పలు. రెండు బడులూ కలిసి ఒక్క నాటకం ఆడితే తీరిపోయేదని ఒక్కరికీ తట్టలేదు! మేమేమీ తక్కువ తినలేదు లెండి, స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి పొంగిపోయిన జాతి మాది. కాకపోతే మేం దాన్ని నియమంగా రాసి పెట్టుకోలేదు.

ఆ ఉపాయం చివరికి ఇక్కడ అమెరికాలో తట్టింది. మా అమ్మాయి చదివేది కాథలిక్ ఆడపిల్లల హైస్కూల్లో. రోడ్డుకు అవతల మగపిల్లల హైస్కూలు. నాటకాలు ఉమ్మడి. ఉమ్మడి అంటే మళ్లీ అపార్థం చేసుకునేరు: స్టేజీ వాళ్లది, దీపాలు వాళ్లవి, పోస్టరు మీద పెద్ద అక్షరాలూ వాళ్లవే. మా పిల్లలు సాయంత్రం బ్యాగులు మోసుకుంటూ రోడ్డు దాటి వెళ్లాలి. వాళ్ల పిల్లలు మాత్రం ఇటు వచ్చిన పాపాన పోలేదు.

ఇక ఆడిషన్ల సంగతి. ఆడపాత్రలు మూడే, వాటికి మా వైపు నుంచి ముప్పైమంది. రాత్రంతా బట్టీ పట్టి, టెన్షన్‌తో అన్నం మానేసి వెళ్తారు. అటు వైపు నుంచి ఫుట్‌బాల్‌లో చోటు దొరకని ఆరుగురు. అందులో ఒకడు చెల్లెల్ని దింపడానికి వచ్చి రాజకుమారుడై ఇంటికెళ్లాడు. డైలాగు ఒక్కటి రాదు, పొడుగున్నాడు.

మీరు రాసింది ఒక్క వాక్యమే కానీ, నాలుగు వందల ఏళ్లు దాటినా ఆడపిల్ల ఆ స్టేజీ ఎక్కితే చుట్టపుచూపుగా ఎక్కినట్టే ఉందండీ.

మొన్న శుక్రవారం ఫలితాలు అతికించారు. మగపిల్లలు చాలలేదట. మా అమ్మాయికి రెండో సైనికుడి వేషం ఇచ్చారు: అతికించుకునే మీసం, నడుముకు కత్తి, రెండు సైజులు పెద్ద బూట్లు. డైలాగులు నాలుగు. ‘ఎవరక్కడ?’ అనేదాన్ని వారం రోజులుగా వంటింట్లో, మేడ మీద, కార్లో అరుస్తోంది.

ఆడవేషం కనబడకూడదన్నారు, కనబడదు. మొదటి ఆట వచ్చే నెల పదో తారీఖున. ముందు వరసలో మీకో సీటు పట్టి ఉంచుతాను, దయచేయండి.

ఇట్లు,
రెండో సైనికుడి తల్లి