మార్చి టోర్నమెంటు వారికి ఒక జమాఖర్చుల లేఖ

మహారాజశ్రీ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు వారి సముఖమునకు,

అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, ఏటా మార్చిలో తమరి పుణ్యమా అని ఆ ఉద్యోగాన్ని కూడా సరిగా చేయని ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరు పుట్టింది 1939లో. ఎనభై దాటిన పెద్దల మతిమరుపును ఎవరూ తప్పు పట్టరు. కానీ తమరిది అలాంటి మతిమరుపు కాదు. రావలసిన పైసా గుర్తుంటుంది, ఇవ్వవలసిన రూపాయి గుర్తుండదు. మా దేశంలో మార్చి అంటే ఖాతాలు ముగించే నెల. అలవాటు పోక, తమరి పద్దులు కూడా ఒకసారి తిరగేశాను.

పుట్టినప్పుడు తమరి దగ్గర ఏమీ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1939 మార్చి 27న ఇల్లినాయ్ రాష్ట్రం ఎవన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారి ప్యాటన్ జిమ్నాజియంలో తొలి ఫైనల్ జరిగింది. మొత్తం టోర్నమెంటుకు వచ్చిన జట్లు ఎనిమిదే. ఇలాంటి పోటీ ఒకటి ఉండి తీరాలని పట్టుబట్టి తమరిని భూమ్మీదికి తెచ్చిన ఒహాయో స్టేట్ కోచ్ హెరాల్డ్ ఓల్సెన్, తన జట్టుతోనే ఫైనల్ దాకా వచ్చి ఓరెగన్ చేతిలో 46-33తో ఓడిపోయాడు. ఓరెగన్ కెప్టెన్ బాబీ ఆనెట్ బంతి కోసం దూకి కోర్టు పక్కనున్న బల్ల మీద పడ్డాడు. దాని మీద పెట్టిన ట్రోఫీ బొమ్మ విరిగింది. గెలిచినవారికి కప్పు రెండు ముక్కలుగా చేతికొచ్చింది. ఖర్చులు పోను 2,531 డాలర్ల నష్టం తేలింది. నిర్వహించిన కోచ్‌ల సంఘం వారు భయపడి తమరిని ఎన్‌సీఏఏకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. ఆ నష్టాన్ని ఇంకో రెండేళ్లు ఓర్చుకుని ఉంటే ఎలా ఉండేదోనని ఆ సంఘం వారసులు రాత్రిళ్లు లెక్కలు వేసుకోరంటే నేను నమ్మను. ఎందుకంటే 2010లో తమరు టీవీ వారితో కుదుర్చుకున్న ఒప్పందం 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లు. ఆ గడువు తీరకముందే, 2032 దాకా ఇంకో 880 కోట్లు.

తమరికంటే ఏడాది ముందు పుట్టిన ఎన్‌ఐటీ అనే అన్నగారి సంగతి గుర్తుందా? 1938లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదలైన టోర్నమెంటు. చాలా ఏళ్లు దానికే పరువు ఎక్కువ. 1970లో మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయం కోచ్ అల్ మెగ్వైర్, తన జట్టును ఎక్కడో దూరపు ప్రాంతంలో ఆడమన్నారని అలిగి తమరి ఆహ్వానాన్ని తిప్పికొట్టాడు. ఎన్‌ఐటీకి వెళ్లి గెలిచి కూడా చూపించాడు. ఆ తర్వాత తమరు పిలిస్తే రావలసిందేనని నియమం వచ్చింది. పెళ్లికి పిలిచి, రాకపోతే ఊరుకునేది లేదని శుభలేఖ మీదే అచ్చు వేయించినట్టు! అన్నగారి తరఫువారు కోర్టుకు వెళితే, 2005లో 5.65 కోట్ల డాలర్లతో ఆ దావానూ అన్నగారినీ కలిపి కొనేశారు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు మా ఊళ్లలోనూ చూశాను గానీ, తమ్ముడు అన్ననే కొనుక్కోవడం మాత్రం తమరి దగ్గరే చూశాను.

తమరు ప్రకటనల్లో గర్వంగా చెప్పుకునే కథలకు వద్దాం. 1963లో మిసిసిపీ స్టేట్ జట్టు తమరి టోర్నమెంటుకు అర్హత సాధించింది. నల్లజాతి ఆటగాళ్లున్న జట్టుతో ఆడకూడదని ఆ రాష్ట్రంలో రాయని నియమం ఒకటి ఉండేది. జట్టును కదలనివ్వకుండా కోర్టు ఉత్తర్వు కూడా తెచ్చారు. అది చేతికి అందేలోపే కోచ్ బేబ్ మెకార్తీ రాష్ట్రం దాటిపోయాడు. మిగతా కుర్రాళ్లు దొంగచాటుగా విమానమెక్కారు. మిషిగన్‌లోని ఈస్ట్ లాన్సింగ్‌లో, నల్లజాతి ఆటగాళ్లున్న లయోలా షికాగో జట్టుతో ఆడారు. ఆటకు ముందు లయోలా కెప్టెన్ జెరీ హార్క్‌నెస్, మిసిసిపీ కెప్టెన్ జో డాన్ గోల్డ్ చేతులు కలిపినప్పుడు కెమెరాలు మెరిసిపోయాయి. లయోలా 61-51తో గెలిచి, ఆ ఏటి చాంపియన్ కూడా అయింది. మూడేళ్లకు, 1966లో, ఎల్ పాసో నుంచి వచ్చిన టెక్సస్ వెస్టర్న్ ఫైనల్లో అయిదుగురు నల్లజాతి ఆటగాళ్లతో ఆట మొదలుపెట్టి, అందరూ తెల్లవారే ఉన్న కెంటకీని 72-65తో ఓడించింది. గెలిచాక బుట్టకున్న వల కోసుకోవడం ఆచారం కదా. ఆ రోజు నిచ్చెన తెచ్చి ఇచ్చే నాథుడు లేకపోయాడు. పొట్టి విల్లీ వర్స్లీ పొడుగు నెవిల్ షెడ్ భుజాలెక్కి కోశాడు.

ఈ రెండు కథల్లో తమరి సాహసం ఏమిటని వెతికాను. దొరికింది: తమరు అడ్డు రాలేదు. ఆ కుర్రాళ్లు చేసిన పనిని తమరి ఖాతాలో జమ వేసుకుని వడ్డీ తింటున్నారు, బాగుంది. ఆ నిచ్చెన పద్దు మాత్రం ఏ పేజీలోనూ కనబడలేదు.

మరుసటి ఏడే యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)లో ల్యూ ఆల్సిండర్ అనే ఏడడుగుల కుర్రాడు (తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్) మొదటి సీజన్‌లోనే తమరి కప్పు ఎత్తుకుపోయాడు. నియమాలు రాసే పెద్దలు వెంటనే కూర్చుని, బంతిని పైనుంచి బుట్టలో కుక్కడం, అదే డంక్, నేరమని తేల్చారు. ఆ నిషేధం 1976 దాకా నడిచింది. ఫలితం? యూసీఎల్‌ఏ 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడు కప్పులు గెలిచింది. కోచ్ జాన్ వుడెన్ మొత్తం పది గెలిచి మరీ విశ్రాంతి తీసుకున్నాడు. నిషేధం పోయింది కాబట్టే 1983 ఫైనల్ చివరి క్షణంలో, ఎక్కడి నుంచో వేసిన బంతి బుట్టకు చేరకుండానే కిందికి జారుతుంటే, నార్త్ కరొలైనా స్టేట్ ఆటగాడు లోరెంజో చార్ల్స్ దాన్ని గాల్లో అందుకుని కుక్కేశాడు. హ్యూస్టన్ మీద 54-52. కోచ్ జిమ్ వాల్వానో ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక కోర్టంతా పరుగెత్తిన ఆ దృశ్యాన్ని తమరు ఇప్పటికీ టీవీలో అమ్ముకుంటున్నారు. ఏడేళ్లు ముందు జరిగి ఉంటే అది ఫౌలు.

మేరీల్యాండ్ సంగతి క్లుప్తంగా. 1974లో దేశంలోని మేటి జట్లలో ఒకటి, తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగు) ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో 103-100తో ఓడింది. ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒక్కరికే చోటు కాబట్టి ఇంటికి పోయింది. మరుసటి ఏడే తమరికి జ్ఞానోదయమైంది. 1975లో 32 జట్లు, 1985లో 64, 2011లో 68. తలుపు తీసిన కొద్దీ ప్రకటనలు పెరుగుతాయని అర్థమయ్యాక తమరి హృదయం ఎంత విశాలమైందో!

ఇప్పుడు అసలు పద్దు. ఆడేవాళ్లది.

కోచ్‌కు జీతం, వ్యాఖ్యాతకు జీతం, స్టేడియం బయట పార్కింగ్ చూసేవాడికి జీతం. ఆడే కుర్రాడికి మాత్రం చదువు ఫీజూ, వసతీ, తమరి ఆశీస్సులూ. తిండి విషయంలో తమరి నియమావళిని మా ఇంట్లో గట్టిగా చదివి వినిపిస్తే ఎవరూ నమ్మలేదు. ఒక కాలంలో భోజనాల మధ్య ఆటగాళ్లకు పండ్లు, గింజలు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె పెట్టవచ్చు. ఆ రొట్టె మీద వెన్న పూస్తే మాత్రం నేరం. ఎండు రొట్టె చిరుతిండి, వెన్న రొట్టె లంచం. ఈ సూక్ష్మం కనిపెట్టడానికి ఎంతమంది న్యాయవాదులు కూర్చున్నారో, వారికి మధ్యాహ్నం ఏం పెట్టారో తెలుసుకోవాలని ఉంది.

2014లో డాలస్ పక్కన ఆర్లింగ్‌టన్‌లో, చుట్టూ మా తెలుగువారి కాలనీలున్న చోట, 79 వేల మంది ముందు ఫైనల్ జరిగింది. కనెక్టికట్‌ను గెలిపించిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటానని విలేఖరులతో చెప్పాడు. దేశమంతా విన్నాక, అదే ఏప్రిల్‌లో తమరి వారు భోజనాల మీద పరిమితి ఎత్తేశారు. ఇన్నేళ్ల ఆకలికి దొరకని పరిష్కారం ఒక్క మైకు ముందు దొరికింది.

ఎడ్ ఓ'బ్యానన్ కథ ఇంకా ముచ్చటైనది. 1995లో యూసీఎల్‌ఏను గెలిపించి, ఫైనల్ ఫోర్‌లో (చివరి నాలుగు జట్ల దశలో) అత్యుత్తమ ఆటగాడనిపించుకున్నాడు. ఏళ్లు గడిచాక స్నేహితుడి ఇంట్లో ఒక వీడియో గేమ్ చూశాడు. అందులో తనే ఉన్నాడు: అదే 31 నంబరు, అదే ఎడమచేతి వాటం, అదే గుండు. పేరు మాత్రం లేదు. పేరు వేస్తే డబ్బివ్వాలి కదా! 2009లో దావా వేశాడు, 2014లో గెలిచాడు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు మరో కేసులో తొమ్మిదికి తొమ్మిది మంది తమరికి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని ఆ న్యాయమూర్తులను ఒక్క తాటి మీదికి తెచ్చిన ఘనత తమరిది. ఆ వెంటనే ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్నారు. 2025లో కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వవచ్చన్నారు. డబ్బు ముట్టుకుంటే ఆట పవిత్రత చెడుతుందని ఇన్ని దశాబ్దాలు బెదిరించారే, చూడండి, స్టేడియాలు ఖాళీ అవలేదు.

అమ్మాయిల టోర్నమెంటు 1982లో మొదలుపెట్టారు. 2021లో అబ్బాయిలకు ఇండియానాపోలిస్‌లో పెద్ద వ్యాయామశాల కట్టి, శాన్ ఆంటోనియోలో అమ్మాయిలకు ఒక చిన్న డంబెల్స్ స్టాండు, కొన్ని యోగా చాపలు ఇచ్చారు. మా యోగాకు దక్కిన గౌరవానికి సంతోషించాలో లేదో తెలియలేదు. చోటు చాలలేదని తమరి వారు చెబితే, ఓరెగన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఫోను తీసి ఆ ఖాళీ హాలంతా వీడియో తీసి లోకానికి చూపించింది. తమరి 'మార్చి మ్యాడ్‌నెస్' ముద్ర వాడుకునే భాగ్యం అమ్మాయిలకు 2022లో కలిగింది. గెలిచిన ఆటలకు డబ్బు పంచే ఏర్పాటు 2025 దాకా వారికి లేదు. ఈలోగా 2024లో అమ్మాయిల ఫైనల్‌ను కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు. తమరి ఫైనల్‌కు కోటిన్నర కూడా దాటలేదు.

తమరి పద్దుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది కొట్టివేతల పేజీ. 2013 ఫైనల్లో లూయివిల్ 82-76తో మిషిగన్‌ను ఓడించింది. నేనూ చూశాను, కోట్లమందీ చూశారు. తర్వాత ఏవో అక్రమాలు బయటపడి, 2018లో ఆ గెలుపు చెల్లదని, గోడ మీది జెండా దింపమని తీర్పు ఖాయం చేశారు. సరే. మరి గెలిచినవారెవరు? ఎవరూ కాదు. మిషిగన్ ఓడిపోయిందా? ఓడిపోయింది. ఎవరి చేతిలో? చెప్పరు. ఆ జట్టులోని కుర్రాళ్లు కోర్టుకెళితే, 2019లో రాజీ కుదిరి వారి గౌరవాలు వారికి తిరిగొచ్చాయి. అంటే ఆ ఆట ఎవరూ గెలవలేదు గానీ, ఎవరూ గెలవని ఆ ఆటలో అత్యుత్తమ ఆటగాడు ల్యూక్ హ్యాన్‌కాక్. తమరి గుమస్తా ముందు మా పన్ను సలహాదారులు దిగదుడుపే.

ఇంత చదివాక, మరి ఎందుకు చూస్తావు నాయనా అని తమరు అడగవచ్చు. 2018లో 16వ ర్యాంకు యూఎంబీసీ మొదటి ర్యాంకు వర్జీనియాను 74-54తో ఓడించిన రాత్రి కోసం చూస్తాను. అంతకుముందు అలాంటి ఆటలు 135 జరిగితే 135 సార్లూ పెద్దవాళ్లే గెలిచారు. మా ఆఫీసులో బ్రాకెట్ (ఏ ఆట ఎవరు గెలుస్తారో ముందే రాసే పట్టిక) నింపని మనిషి ఉండడు. 63 ఆటలనూ బొమ్మా బొరుసూ వేసి సరిగ్గా చెప్పే అవకాశం 92 వేల కోట్ల కోట్లలో ఒక వంతు. 2014లో అది సాధించినవారికి 100 కోట్ల డాలర్లిస్తానని వారెన్ బఫెట్ అభయమిస్తే ఆయన జేబు చెక్కుచెదరలేదు. మా వాళ్లకు అదే మార్చిలో హెచ్-1బీ లాటరీ కూడా ఉంటుంది కాబట్టి, అవకాశాల గురించి మాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. ఎఫ్-1 వీసా మీద వచ్చిన మా పిల్లలు చదువు నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2023, 2024 సంవత్సరాల్లో దేశంలో మేటి ఆటగాడైన పర్‌డ్యూ కుర్రాడు జాక్ ఈడీ కెనడావాడు. అదే వీసా కాబట్టి, తోటివారు తమ పేరు అమ్ముకుని సంపాదిస్తుంటే ఇక్కడ చేతులు కట్టుకుని చూశాడు. తమరి ఆటగాళ్లకూ వారానికి 20 గంటల పరిమితే ఉందని చదివి, మావాళ్లలాంటివారే కదా అని జాలిపడ్డాను. కింది చిన్న అక్షరాలు చదివాక జాలి పోయింది. ఆట ఉన్న రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటలుగానే రాస్తారట. విమాన ప్రయాణం అసలు లెక్కలోకే రాదట. ఈ లెక్క రాసే గుమస్తాగారి చిరునామా దయచేసి తెలుపగలరు. పెట్రోలు బంకుల పక్కన అద్దెకుండే మా కుర్రాళ్లు చాలామంది ఆయన్ను కలుసుకోవాలని ఆత్రంగా ఉన్నారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
బ్రాకెట్ చెల్లని ఒక తెలుగువాడు